పూటకాపు

చేపలరేవులో ఐసు మర పక్కన
కమీషన్ కొట్టులో నోట్లు రాసే గుమస్తాని.
"ఫలానా వారికి ఫలానా వాడు రాసి ఇచ్చినది ఏమనగా" అని మొదలెడితే
చెయ్యి దానంతటదే నడుస్తుంది.
అసలు, వడ్డీ, గడువు,
స్టాంపు మీద అడ్డంగా వేలిముద్ర.
వల తాళ్ళకి ఒరిసిన బొటనవేళ్ళకి గీతలుండవు.
పడేది ఒట్టి ఇంకు మచ్చ.
దాన్నే మనిషనుకుని నమ్మాలి.

ఆదివారం మాత్రం నేను సండేస్కూలు మాస్టర్ని.
మొన్న చెంగళ్రావుపేటలో బలిపీఠం గురించి చెప్తున్నాను,
గొర్రెపిల్ల, కత్తి, పళ్ళెంలో రక్తం.
ఒలిశెట్టి మార్తమ్మ మనవరాలు చెయ్యెత్తింది:
"దేవుడికి అంతాకలేటి మాస్టారూ?"
పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.
గంట కొట్టేశారు. బతికిపోయాను.

ఆకలి కాదు తల్లీ అని
వారమంతా దారెంట దానికి చెప్తూనే ఉన్నాను.
మా రేవులో తాగిన ప్రతివాడూ అంటాడు:
"మాట తప్పితే నన్ను రెండు ముక్కలుగా నరికీండి."
తెల్లారితే ఒట్టు తీసి గట్టున పెడతాడు.
ఎవరూ నరకరు. వడ్డీ నరుకుతుంది.
వెనకటివాళ్ళు ఆ మాట ఉత్తినే అనలేదు.
పశువుని నిలువునా చీల్చి
చెరో సగం చెరో పక్క పెట్టి
నడుమ నుంచి నడిచేవారు,
తప్పితే నాకూ ఇదే గతి అని.
నిబంధన అంటే అదీ.
కాగితం లేదు, స్టాంపు లేదు.

శుక్రవారం వేకువ, నాలుగున్నర.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
ఆడవాళ్ళు కానాగంతల్ని వీపు చీల్చి ఉప్పు పట్టించి
గచ్చు మీద పరుస్తున్నారు,
ఇటో వరుస, అటో వరుస,
మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి.
కాకులు వాలుతుంటే కోనమ్మ చీపురుతో తోలుతోంది.
పక్కనే వలకుప్ప మీద గనగళ్ళ ఎర్రయ్య
నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
వాడి నోటు గడువు ఆవాళే.

అప్పుడొచ్చాడు టీలమ్మే సింహాద్రి,
ఒక చేతిలో పొగలు కక్కే బొగ్గుల కుంపటి,
ఇంకో చేతిలో లాంతరు.
ఆ చీల్చిన చేపల మధ్య నుంచి
ఒక్కడే నడిచి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు జలదరించింది.
ఊరు విడిచొచ్చిన ఆ ముసలాయన కూడా
గద్దల్ని తోలి తోలి, పొద్దుగూకేసరికి
ఇలాగే ఒళ్ళెరక్క నిద్రపోయాడు కదా.
రాజుకున్న పొయ్యి, మండే దివిటీ
ముక్కల మధ్య నుంచి వాటంతటవే వెళ్ళాయి కదా.
ముసలాయన్ని ఎవరూ లేపలేదు.
లే, నువ్వూ నడు, అనలేదు.
ఇద్దరి ఒప్పందానికి ముద్ర ఒక్కరిదే.
తప్పేది వీడని తెలిసీ
తెగేది నేనని రాసుకున్నాడు.

ఇరవై రెండేళ్ళు నోట్లు రాశాను.
అప్పిచ్చినవాడు
అప్పు తీర్చేవాడి గడిలో సంతకం పెట్టడం
ఎక్కడా చూళ్ళేదు.

ప్రతి నోటుకీ కింద ఓ ఖాళీ గీత ఉంటుంది.
ఇప్పుడు జామీను అంటున్నారు. మా అయ్య పూటకాపు అనేవాడు.
ఆ గీత దగ్గరికొచ్చేసరికి
అన్నదమ్ములకి కూడా పనులు గుర్తొస్తాయి.
పది గంటలకి షావుకారు వచ్చాడు, వల ఎత్తించమన్నాడు.
ఎర్రయ్య ఇంకా లేవలేదు.
నేను పేరు రాశాను ఆ గీత మీద.
సంతకం చాలు, అయినా ఎందుకో వేలు కూడా అద్దాను.
ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇవాళ ప్రభు బల్ల.
మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళు అటు, చాపల మీద.
విరిచిన రొట్టె పట్టుకుని అయ్యగారు
నడుమ నుంచి వస్తున్నాడు.
అటూ ఇటూ పరిచిన సగాలం మేమే.
ఎదుటి వరుసలోంచి మార్తమ్మ మనవరాలు
కళ్ళు మూసుకోకుండా నన్నే చూస్తోంది.
చెయ్యి చాపాను.
బొటనవేలికి ఇంకా ఇంకు.